నడుమ అరిగిన టైరు

అరిగిపోయి ఊడదీసిన టైరుని చక్రాల మేస్త్రి రెండు చేతులా ఎత్తి వెలుతురుకి పట్టుకున్నాడు. పారేయాల్సిన టైరే. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూపిస్తున్న తీరు చూస్తే మాత్రం బడిలో పిల్ల గెలుచుకొచ్చిన కప్పు అనుకోవాలి.

"చూశారా మాష్టారూ, అంచుల దాకా ఎలా అరిగిందో! అటూ అంతే, ఇటూ అంతే. బండి ఎంత ఒరగగలదో అంతా ఒరిగించి నడిపింది. రబ్బరు ఒక్క వేలెడు కూడా దండగ చెయ్యలేదు నా కూతురు."

"నా కూతురు" అన్న మాట పెద్దమ్మాయికి షెడ్డు గుమ్మం దగ్గరే వినపడింది. తనూ ఆ మనిషి కూతురే, ముప్పై తొమ్మిదేళ్ళుగా. అయినా ఆ మాట ఆయన నోట అలా ఛాతీ పొంగి వచ్చిందంటే అది తన గురించి కాదని ఆమెకు చూడకుండానే తెలుస్తుంది. బండిని నెట్టుకుంటూ లోపలికి తెచ్చి, స్టాండు వేసి, హెల్మెట్ తీసి అద్దానికి తగిలించింది.

షెడ్డుకి వచ్చేవాళ్ళందరికీ ఆమె పెద్దమ్మాయి. నలభై దగ్గరపడుతున్నా ఆ పిలుపు మారలేదు. పనిచేసే ల్యాబులో మాత్రం ఆమెను 'ఐసుపెట్టె' అంటారు. పదకొండేళ్ళుగా బండి వెనక నీలం ఐసుపెట్టె కట్టుకుని, చిన్న చిన్న ఆసుపత్రుల్లో తీసిన రక్తం గొట్టాలను తొంభై రెండు కిలోమీటర్ల తిన్నని రోడ్డు మీద నగరంలోని పెద్ద ల్యాబుకి చేరవేస్తోంది. చెల్లెలు ఆమెకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది. మోటారుసైకిలు శిక్షణ బడిలో మలుపులు నేర్పే టీచరు. ఇద్దరికీ బండి నేర్పింది ఈ షెడ్డులో ఈ తండ్రే.

"నీదేంటమ్మా?" అన్నాడు మేస్త్రి, టైరుని జాగ్రత్తగా గోడకి ఆనించి.

"వెనక చక్రం కొంచెం ఊగుతోంది నాన్నా."

ఆయన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. చక్రాన్ని ఒక్క తోపు తోసి తిరగనిచ్చాడు. ఆగాక బొటనవేలి గోటితో చువ్వలు ఒక్కొక్కటే మీటుతూ వచ్చాడు. టింగు, టింగు, టింగు, టప్పు. 'టప్పు' అన్నచోట ఆగి, చిన్న పానా పెట్టి పావుచుట్టు బిగించి మళ్ళీ మీటాడు. కళ్ళు మూసుకుని వినే ఆ ముఖం పెద్దమ్మాయికి చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఆ చెవి తన మాటల వైపు ఎప్పుడూ అలా తిరగలేదన్నదే ఆమె బాధ.

డ్రాయింగు మాష్టారు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి ఆ చక్రం వైపు వంగాడు. ఆదివారమైతే చాలు, కొండ రోడ్డు మలుపుల మీద పడి తిరిగే మనిషి. "మేస్త్రీ, ఇది టైరా, రోడ్డు రోలరా? నడుమంతా బల్లలా చదునైపోయింది. అంచుల్లో పుట్టినప్పటి రబ్బరు నూగు కూడా రాలలేదు!"

బల్ల మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్న పళ్ళడాక్టరు అడ్డుపడ్డాడు. "మీకు మలుపు లేకపోతే ముద్ద దిగదు. నా సంగతి వినండి. వారంలో ఆరు రోజులు జనం నోళ్ళలో మూలలూ మలుపులూ వెతుకుతాను. ఏడో రోజు కూడా మలుపులేనా? నాకు తిన్నని రోడ్డు కావాలి. బండి దాని మానాన అది పోతుండాలి, నేను నా మానాన నేను పోతుండాలి."

"దాన్ని నడపడం అనరు డాక్టరుగారూ, కూర్చోవడం అంటారు," అన్నాడు మాష్టారు. "మలుపంటే ప్రతిదీ కొత్త లెక్క. ఎక్కడ వేగం తగ్గించాలి, ఎక్కడ వంగాలి, ఎక్కడ లేవాలి. ఒళ్ళంతా కళ్ళవుతుంది."

"నాకు రెండు కళ్ళు చాలండీ బాబూ."

అందరూ నవ్వారు. మేస్త్రి చువ్వ మీంచి తల ఎత్తకుండానే అన్నాడు: "తిన్నగా పోవడానికేముంది, బండే పోతుంది. పైన మనిషున్నాడో లేడో తెలిసేది మలుపులోనే."

పదకొండేళ్ళు. ఒక్క గొట్టం పగలలేదు. ఒక్కరోజు కూడా ఉదయం పది గంటలు దాటాక చేరలేదు. ఇన్నాళ్ళూ ఆ సీటు మీద ఎవరున్నట్టు మరి? పెద్దమ్మాయి జేబులోంచి మడత కాగితం తీసింది.

"ల్యాబు నుంచి ఆర్డరు నాన్నా. పోయిన నెల కొండదారిలో ఒకడు పడ్డాడుగా, గొట్టాలన్నీ పగిలి రోగులందరూ మళ్ళీ రక్తం ఇచ్చుకోవాల్సొచ్చింది. అందుకని బండివాళ్ళం ఆరుగురం మలుపుల శిక్షణ తీసుకోవాలిట. పాసయితేనే బండి. లేకపోతే కౌంటర్లో కూర్చోబెడతారు."

"నీ దారిలో మలుపే లేదుగా?" అన్నాడు పళ్ళడాక్టరు.

"అందరికీ ఒకటే రూలుట."

"నేర్పేదెవరు?" అన్నాడు మేస్త్రి.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న చిన్నమ్మాయి తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చింది. ఎండకి కమిలిన ముఖంలో పళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. "నేనే నాన్నా. శుక్రవారం మైదానంలో, శనివారం కొండ మీద. అక్క నా క్లాసుకి రావడమంటే నాకే సిగ్గుగా ఉంది."

ఆ మాట నిజంగానే అంది. అందులో వెక్కిరింత ఎక్కడా లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఒక మాట అనొచ్చు. పెద్దమ్మాయి కాగితాన్ని ఎలా మడత ఉందో అలాగే మడిచి జేబులో పెట్టుకుంది.

*

గురువారం సాయంత్రం, పొద్దు ఇంకా గోడ మీద ఉండగానే, ఆమె పెరట్లో బండిని స్టాండు వేసి వెనక చక్రం దగ్గర చతికిలబడింది. వడ్రంగి అయిన భర్త పనిసంచిలోంచి అరఠావు ఉప్పుకాగితం తెచ్చుకుంది. దాన్ని చిన్న చెక్కముక్కకి చుట్టి, టైరు అంచుల మీద రుద్దడం మొదలుపెట్టింది.

నల్లటి పొడి రాలుతోంది. రబ్బరు నూగు ఒక్కొక్క వెంట్రుకే తెగిపోతోంది. ఒక జానెడు మేర మెరుపు పోయి గరుకు తేలితే, చక్రాన్ని మరో జానెడు తిప్పేది.

"ఏం చేస్తున్నావ్?" భర్త టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డాడు.

"కనబడట్లేదా?"

"కనబడుతోంది. టైరుకి కూడా పాలిషు పెడతారని ఇప్పుడే తెలిసింది. వార్నిషు కూడా తెమ్మంటావా?"

"మీ పని మీరు చూసుకోండి."

ఆయన వెళ్ళలేదు. గ్లాసు అరుగు మీద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాడు. నల్లబడిన ఆమె వేళ్ళు చూశాడు, టైరు అంచు చూశాడు. ఎన్నేళ్ళుగానో ఆ అక్కచెల్లెళ్ళ మధ్య ఉన్న మనిషి కాబట్టి ఇక వివరం అడగలేదు.

"వాలుకి అడ్డంగా రుద్దుతున్నావు. చెక్కయినా రబ్బరయినా అడ్డంగా రుద్దితే గీతలు తెలిసిపోతాయి," అన్నాడు మెల్లిగా.

ఆమె చెయ్యి ఆగింది. తర్వాత ఇంకా గట్టిగా, ఇంకా అడ్డంగా రుద్దింది.

*

శుక్రవారం మైదానం. సుద్దపొడితో గీసిన పెద్ద గుండ్రం, దాని చుట్టూ నారింజరంగు టోపీల్లాంటి గుర్తులు. ఆరుగురు బండివాళ్ళు వరసగా నిలబడ్డారు. చిన్నమ్మాయి మెళ్ళో ఈల, చేతిలో అట్ట. ముందు బండ్ల తనిఖీ. బ్రేకులు, గొలుసులు, టైర్లు.

తన వంతు వచ్చేసరికి పెద్దమ్మాయి బడిపిల్లలా చేతులు కట్టుకుని నిలబడింది. చిన్నమ్మాయి మోకాలు నేలకి ఆనించి వెనక టైరు అంచు మీద వేలితో రాసింది. వేలు ఒకచోట ఆగింది. వేలికొనకు అంటిన నల్లపొడిని చూసుకుంది. వంగి వంగి అరిగిన టైరు మీద గీత చక్రం తిరిగినట్టే వంపు తిరుగుతుంది. ఇక్కడ గీతలన్నీ అడ్డంగా, దువ్వెనతో గీసినట్టున్నాయి. చక్రాల మేస్త్రి కూతురికి అది ఎవరూ చెప్పక్కర్లేదు.

చిన్నమ్మాయి తల ఎత్తింది. ఇద్దరి కళ్ళూ ఒక్క క్షణం కలిశాయి.

"బాగుంది," అంది పైకి, అందరికీ వినపడేలా. అట్ట మీద ఒక టిక్కు పెట్టి పక్క బండి దగ్గరికి వెళ్ళిపోయింది.

పెద్దమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. అరిచి ఉంటే బాగుండేది. నవ్వి, నలుగురికీ చూపించి ఉంటే ఇంకా బాగుండేది. జాలిపడింది. నడపడంలో మిన్న అయింది చాలక మంచితనంలో కూడా మిన్న కావాలా ఇది? ఇంకా ఏం మిగిల్చింది నాకు?

ఆ రోజంతా చిన్నమ్మాయి గొంతు మైదానం మీద తిరుగుతూనే ఉంది. "చూపు ఎటు పోతే బండి అటు పోతుంది. ముందు చక్రాన్ని చూడకండి, అదెక్కడికీ పారిపోదు. మలుపు అవతల ఎక్కడికి చేరాలో అక్కడ చూడండి. మధ్యలో బ్రేకు పట్టొద్దు. మలుపులోకి వెళ్ళకముందే భయపడండి, వెళ్ళాక భయపడొద్దు."

ఆ చివరి మాట తండ్రిది. అవే మాటలు, అదే వరస. తనకీ చెప్పాడు ఆయన, ఎప్పుడో. తన దగ్గర అవి నిలవలేదు. దీని దగ్గర పాటయిపోయాయి.

చూపించడానికి చిన్నమ్మాయి ఒకసారి గుండ్రం చుట్టూ తిరిగింది. బండి ఒరుగుతున్నట్టు కాదు, నేలే లేచి ఆమెకు చెయ్యి అందిస్తున్నట్టుంది. తల మాత్రం నిటారుగా, చూపు మలుపు అవతల. ఆరుగురిలో ఒకడు "అబ్బా!" అన్నాడు. పెద్దమ్మాయి నోట్లోంచి కూడా అదే మాట రాబోయింది. పళ్ళు బిగబట్టింది.

*

శనివారం కొండ మీద ఇరవైమూడు మలుపులు. ఒక్కొక్కరే ముందు నడపాలి, చిన్నమ్మాయి వెనక వస్తూ చూస్తుంది. పెద్దమ్మాయి ఎనిమిది మలుపులు ఎలాగో తిప్పింది. చూపు, బ్రేకు, ఒరుగు, లేపు, అని నోట్లో అనుకుంటూ. తొమ్మిదోది కొండని చుట్టి మాయమైపోయే మలుపు. అవతలేముందో కనపడదు. కనపడని చోట ఎక్కడ చూడాలో ఆమెకు తోచలేదు. చూపు లోయ వైపు జారింది. చెయ్యి దానంతటదే బ్రేకు పట్టింది. బండి నిటారుగా లేచి, మధ్యగీత దాటి అవతలి సగంలోకి వెళ్ళిపోయింది. ఎదురుగా ఎవరూ లేరు. ఖాళీ రోడ్డు, ఎండ, ఎండుటాకులు.

శిఖరం మీద టీకొట్టు దగ్గర అందరికీ ఫలితాలు చెప్పి పంపించేసి, చిన్నమ్మాయి అక్క దగ్గరికి వచ్చింది. హెల్మెట్ చంకలో ఉంది. అట్టని ఛాతీకి హత్తుకుని పట్టుకుంది.

"అక్కా, ఇది ఇప్పుడు రాయలేను."

"ఏది?"

"పాసని."

పెద్దమ్మాయి నవ్వబోయింది. "ఎదురుగా ఎవరూ రాలేదుగా."

"రాలేదు. అదృష్టం. అదృష్టానికి నేను సంతకం పెట్టలేనక్కా. వచ్చే శనివారం మళ్ళీ రా. అప్పటిదాకా నీ బండి నీకే ఉంచమని మేనేజరుకి రాస్తాను."

"నా దారిలో మలుపు లేదని నీకు తెలుసు. పదకొండేళ్ళుగా ఏం మోస్తున్నానో తెలుసు. ఎప్పుడైనా చూశావా?"

"లేదు," అంది చిన్నమ్మాయి. "సోమవారం వస్తాను. ఎలాగూ ప్రతివాళ్ళ దారీ ఒకసారి చూసి రాయాలి. నీ వెనకే వస్తాను."

"రా," అంది పెద్దమ్మాయి. ఆ ఒక్క అక్షరంలో ఆమె ఎంత విషం నింపిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

*

సోమవారం ఉదయం అయిదున్నరకు మొదటి ఆసుపత్రి. నర్సు అందించిన గొట్టాల స్టాండుని పెద్దమ్మాయి వెలుతురుకి పట్టుకుని మూతలు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూసింది. ఐసు దిమ్మలకూ గొట్టాలకూ మధ్య గుడ్డ దోపింది. ఐసు నేరుగా తగిలితే రక్తం పాడవుతుంది. మూత వేసి, పట్టీ బిగించి, పెట్టెను రెండు చేతులా పట్టి ఊపింది. పెట్టెతోపాటు బండి కదిలింది. అదీ లెక్క. చిన్నమ్మాయి పక్కన నిలబడి చూస్తూ అట్ట మీద ఏదో రాసుకుంది.

ఊరు దాటగానే రోడ్డు సాగింది. తాడు పట్టి గీసినట్టు, ఆకాశం నేలను తాకే చోటిదాకా. డెబ్భై దగ్గర వేగం నిలిపి పెద్దమ్మాయి తన రోజువారీ పనిలో పడింది. చెట్లవరస తెగిపోయే చోట పక్కగాలి కొడుతుంది, అక్కడికి వందగజాల ముందే భుజం వదులు చెయ్యాలి. లారీ ఎదురొస్తే ముందు లాగుతుంది, దాటాక తోస్తుంది. దాని వెనక బురదరేకు ఎంత ఎగురుతోందో చూస్తే ఎంత తోస్తుందో తెలుస్తుంది. పది కిలోమీటర్లకోసారి కాలిపెగ్గుల మీద లేచి నిలబడుతుంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి మూస్తుంది. కూడికలు చేస్తుంది. తన మీద తనే విసుక్కుంటుంది, పైకే. తిన్నని రోడ్డు మనిషిని జోకొడుతుంది. అది ఆమెకు మొదటి ఏడాదే తెలిసింది, ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచేసరికి పొలంగట్టు మీద ఉన్నప్పుడు. అది ఎవరికీ చెప్పలేదు.

నలభయ్యో కిలోమీటరు దగ్గర అద్దంలో చెల్లెలి బండి దీపం ఊగింది.

చాలా చిన్న ఊపు. అంచు వైపు మెల్లిగా జారి, చటుక్కున మళ్ళీ మధ్యకి వచ్చింది. పెద్దమ్మాయికి ఏమిటో వెంటనే తెలిసింది. వెంటనే. మూడు రోజులుగా లోపల ఉడుకుతున్నదేదో ఒక్కసారి చల్లబడి తియ్యనైంది. 'చూడనీ,' అనుకుంది. 'తిన్నగా పోవడానికేముంది, బండే పోతుందిగా. చూడనీ.'

రెండో ఊపు. మూడోది. బడిలో కునికే పిల్ల తల వాలినట్టు దీపం వాలుతోంది, లేస్తోంది. పెద్దమ్మాయి అద్దంలోంచి కళ్ళు తిప్పలేదు. వేగం తగ్గించలేదు. ఒక కిలోమీటరు రాయి దాటింది. ఇంకొకటి. ఈ రోడ్డు మీద ఇంత బాగా నడుపుతున్నానని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు.

మూడో రాయి దాటాక ముందు చూస్తే, రోడ్డు అంచున ఇనపగొట్టాల లారీ ఆగి ఉంది. వెనక్కి పొడుచుకొచ్చిన గొట్టాలకు ఎర్రగుడ్డ కట్టి ఉంది. అద్దంలో చూస్తే దీపం అంచు వైపు జారుతోంది. ఈసారి మళ్ళీ రావట్లేదు.

తర్వాత జరిగినదంతా చేతులే చేశాయి. వేగం వదిలింది. హారన్ మీద బొటనవేలు పెట్టి తియ్యలేదు. చెల్లెలు పక్కకి వచ్చేదాకా వెనకబడి, అంచు రాళ్ళ మీదికి తన బండిని దించి, చెల్లెలికీ లారీకీ మధ్య దూరింది. హెల్మెట్‌లో గొంతు చించుకుని అరిచింది, చిన్నప్పుడు ఇంట్లో పిలిచే ముద్దుపేరు పెట్టి. చిన్నమ్మాయి తల ఝాడించి లేచి బండిని రోడ్డు మధ్యకి తిప్పింది, దాన్ని అంటుకునే అక్క బండి. రెండు బండ్లూ లారీ పక్కగా, చేతికి అందే దూరంలో దూసుకుపోయాయి. ఎర్రగుడ్డ పెద్దమ్మాయి భుజానికి రాసుకుంది.

అరకిలోమీటరు పోయాక ఆగారు. చిన్నమ్మాయి హెల్మెట్ పట్టీ విప్పలేకపోయింది. పెద్దమ్మాయి విప్పింది.

"నిద్రపోయానా?" అంది చిన్నమ్మాయి.

"ఊఁ."

"కళ్ళు తెరిచే ఉన్నాననుకున్నానక్కా. మలుపు ఉంటే నాకు తెలుస్తుంది. ఇక్కడ పట్టుకోవడానికేమీ లేదు. రోడ్డంతా ఒకటే... ఎటు చూడాలో తెలీలేదు." ఆమె అక్క జాకెట్టు చెయ్యి పట్టుకుని వదల్లేదు. "నువ్వు చూశావు కాబట్టి బతికాను."

పెద్దమ్మాయి ఐసుపెట్టె వైపు తిరిగి, బిగిసే ఉన్న పట్టీని మళ్ళీ బిగించింది. "నీళ్ళు తాగు. పదిలోపు చేరాలి," అంది.

*

ఆ సాయంత్రం పెద్దమ్మాయి షెడ్డుకి వచ్చేసరికి మాష్టారూ, డాక్టరూ తమ తమ బల్లల మీదే ఉన్నారు. మేస్త్రి ఎవరిదో చక్రం మీటుతున్నాడు. పెద్దమ్మాయి చెప్పాలనే వచ్చింది. దారి పొడుగునా వాక్యాలు కూర్చుకుంది. 'నీ చిన్నమ్మాయి ఇవాళ తిన్నని రోడ్డు మీద ఏం చేసిందో తెలుసా?' అని మొదలుపెట్టాలనుకుంది. నోరు తెరిచేలోపే గుమ్మంలో చెల్లెలి బండి ఆగింది.

చిన్నమ్మాయి స్టాండు వేస్తూనే చెప్పేసింది. "నాన్నా, ఇవాళ నేను బండి మీద నిద్రపోయాను. ఎదురుగా గొట్టాల లారీ. అక్క తన బండి అడ్డం పెట్టింది. లేకపోతే ఇక్కడ ఉండేదాన్ని కాదు."

చెప్పుకోవడానికి కూడా తనకేమీ మిగల్చలేదు! పెద్దమ్మాయి కూర్చుకున్న వాక్యాలన్నీ నోట్లోనే ఎండిపోయాయి.

మేస్త్రి చేతిలోని పానా కింద పెట్టాడు. చిన్నకూతుర్ని పైనుంచి కిందికి చూసుకున్నాడు, ఎక్కడా దెబ్బలేదని నమ్మకం కుదిరేదాకా. తర్వాత లేచి, మోకాళ్ళు పట్టుకుపోయి కుంటుతూ, పెద్దకూతురి దగ్గరికి వచ్చాడు.

"నిద్ర అని ఎలా తెలిసిందమ్మా?"

"దీపం ఊగే తీరులో తెలుస్తుంది. గాలికైతే ఒకవైపు వాలి అటే ఉండిపోతుంది. నిద్రకైతే మెల్లిగా పోతుంది, చటుక్కున వస్తుంది."

"గాలి ఎక్కడ కొడుతుందో కూడా తెలుస్తుందా?"

ఆమె చెప్పింది. చెట్లవరస సంగతి, లారీ బురదరేకు సంగతి, వేళ్ళు విప్పి మూయడం, కూడికలు చేయడం. పొలంగట్టు మీద కళ్ళు తెరిచిన మధ్యాహ్నం సంగతి కూడా. మాష్టారు కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయాడు. డాక్టరు కాళ్ళూపడం ఆపేశాడు. మేస్త్రి తల కొంచెం పక్కకి వంచి కళ్ళు మూసుకున్నాడు, చువ్వ మీటి వినేటప్పుడు మూసుకున్నట్టే.

"ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదేమ్మా?"

"నువ్వెప్పుడూ అడగలేదు నాన్నా."

ఆయన కళ్ళు తెరిచాడు. "నిజమే," అన్నాడు. ఆమె నెత్తి మీద గ్రీజు చెయ్యి పెట్టబోయి, చూసుకుని, మణికట్టుతో తాకాడు. మాష్టారు వైపు తిరిగాడు. "చూశారా మాష్టారూ? ఇదీ నా కూతురే."

ఇన్నేళ్ళుగా కావాలనుకున్నది వచ్చేసింది. నలుగురి ముందు వచ్చింది. ఆ మాట లోపలికి దిగుతుందేమోనని పెద్దమ్మాయి ఎదురుచూసింది. దిగలేదు.

"మొదటి ఊపు ఎక్కడ చూశావు?" అన్నాడు మేస్త్రి. పనివాడు పనివాణ్ణి అడిగినట్టు అడిగాడు, అంతే.

రోడ్డు గురించి ఎవరేమడిగినా ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పడమే అలవాటు. ల్యాబులో వేళ రాసే కాగితం మీద ఒక నిమిషం కూడా అటూ ఇటూ చెయ్యలేదు ఎప్పుడూ.

"నలభయ్యో రాయి దగ్గర."

"లారీ?"

"నలభై మూడు దాటాక."

మేస్త్రి ముఖంలో లెక్క నడవడం ఆమెకు కనపడింది. చిన్నమ్మాయి ముఖంలో అంతకన్నా ముందే నడిచిపోయింది.

"చూస్తూ ఊరుకున్నాను," అంది పెద్దమ్మాయి. "మూడు కిలోమీటర్లు. అద్దంలో చూస్తూ... బాగుందనిపించింది నాన్నా. అది ఊగుతుంటే నాకు బాగుందనిపించింది."

రోడ్డు మీద బస్సేదో గేరు మార్చుకుంటూ పోయింది. చిన్నమ్మాయి హెల్మెట్ తీసుకుంది, పట్టీ జాగ్రత్తగా పెట్టుకుంది, బండి తిప్పుకుని వెళ్ళిపోయింది. మేస్త్రి పీట మీద కూర్చుని పానా తీసుకున్నాడు గానీ చాలాసేపు ఏ చువ్వనీ మీటలేదు.

*

మర్నాడు ఉదయం మొదటి ఆసుపత్రి వెనకగేటు దగ్గర చిన్నమ్మాయి బండి మీద కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పెద్దమ్మాయి గొట్టాల స్టాండు పట్టుకుని బయటికి వచ్చి, ఆగిపోయింది.

"చూసి రాయాల్సింది నిన్నటితో అయిపోయిందిగా," అంది.

"రాయడానికి రాలేదు. నేర్చుకోవడానికి వచ్చాను. ఈ రోడ్డంటే నాకు భయం పట్టుకుంది. అలా వదిలేస్తే ఇంక పోదు."

పెద్దమ్మాయి గుడ్డ దోపింది. మూత వేసింది. పట్టీ దగ్గర చేతులు ఆగాయి. "కోపం లేదా?"

"ఎందుకు లేదు? ముంచుకొస్తోంది. నీతో ఇంకెప్పుడూ మాట్లాడకూడదనుకున్నాను." చిన్నమ్మాయి చేతితొడుగులు లాక్కుంది. "కానీ నిన్న నువ్వు నాన్నకి చెప్పిందంతా విన్నాను. అవి నేర్పడానికి ఇంకెవరున్నారు నాకు? శనివారం నీ పరీక్ష ఉంది. పాసవకపోతే పాసని రాయను. అది వేరే సంగతి."

"రాయొద్దు."

"రాయను."

పెద్దమ్మాయి పెట్టెను పట్టి ఊపి చూసింది. బండి కదిలింది. హెల్మెట్ పెట్టుకుని, ఒక్క నిమిషం రోడ్డు వైపు చూసి అంది: "ఇవాళ నువ్వు ముందు నడువు. అరవై అయిదు దాటొద్దు. పది కిలోమీటర్లకోసారి లేచి నిలబడాలి. నేను రెండుసార్లు హారన్ కొడితే ఆగిపోవాలి, ఎందుకని అడక్కూడదు."

"నువ్వు?"

"నేను వెనకుంటాను."

చిన్నమ్మాయి అక్క ముఖంలోకి చూసింది, హెల్మెట్ అద్దంలోంచి ఎంత కనపడితే అంత. ఏం కనపడిందో, తల ఊపి బండి తీసింది. గేటు ముందు చిన్న వంపు. అంత చిన్న వంపులో కూడా బండి ఆమె కింద నీళ్ళు తిరిగినట్టు తిరిగింది. అది చూసి పెద్దమ్మాయికి లోపల ఆ పాత మంట చురుక్కుమంది. అది ఎక్కడికీ పోలేదు, తనతోనే ఉంది.

ఊరు దాటింది. రోడ్డు సాగింది. తొంభై రెండు కిలోమీటర్లూ ఆమె చెల్లెలి బండి వెనక ఎర్రదీపం మీదినుంచి కళ్ళు తియ్యలేదు.